నిద్రపుచ్చితే నయమైనట్టు కాదు

సారా మానిపించడానికి డయజిపామ్ ఉంది. హెరాయిన్ మానిపించడానికి బ్యుప్రెనార్ఫిన్ ఉంది. మెథ్ (మెథాంఫెటమిన్), కొకైన్ అనే ఉత్తేజక మత్తుమందులు మానేవారికి అలాంటి మందు ఇంతవరకూ లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సైతం ఏ మందునూ దీనికోసం ఆమోదించలేదు. మూడు రోజుల్లో ఇంజెక్షన్లతో మాన్పిస్తామని ఎవరు చెప్పినా తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు నమ్మవద్దు.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వారిలో మెథ్ లాంటి ఆంఫెటమిన్ రకాలు వాడేవారు 0.18 శాతం, కొకైన్ వాడేవారు 0.10 శాతం. సంఖ్య తక్కువే. అందుకే తాగుడుకు అలవాటుగా చేసే, నిద్రపుచ్చే వైద్యాన్నే వీరికీ చేసేస్తున్నారు. ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోతే ఇవ్వాల్సిన మెఫెంటెర్మిన్‌ను జిమ్ముల్లో పొడిపించుకునే కుర్రాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు.

ఈ మత్తుమందులు ఆపిన 24 గంటల్లోపే మనిషి కుప్పకూలినట్టు నిద్రపోతాడు. లేస్తే విపరీతమైన ఆకలి, నీరసం, ఏదీ పట్టనితనం. ఈ ఉధృతి వారం, పది రోజులుంటుంది. నిద్ర తేడాలు, దిగులు మరో రెండు మూడు వారాలు సాగుతాయి. ఇందులో ప్రాణాపాయం ఫిట్స్ వల్ల కాదు, ఆత్మహత్య ఆలోచన వల్ల. ఇంట్లో వాళ్లు మొదట చేయాల్సిన పని మామిడి తోటకో టమాటాకో కొట్టే పురుగుమందు డబ్బాను, మాత్రల పెట్టెను తాళం వేసి పెట్టడం. నిద్రను చెడగొట్టకుండా మధ్యమధ్య లేపి రాగిజావో, పెరుగన్నమో తినిపించాలి, నీళ్లు తాగించాలి. పిలిచినా పలక్కపోయినా, ఊపిరి మందగించినా నల్లమందు రకం కూడా కలిసిందని అనుమానించి 108కి ఫోన్ చేయాలి. ఛాతీ నొప్పి వస్తే ఈసీజీ తీయించాల్సిందే. మద్యం కూడా తాగే అలవాటుంటే మొదటి మూడు నాలుగు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. వాటికి డయజిపామ్, థయామిన్ (విటమిన్ బి1) ఆస్పత్రిలోనే ఇవ్వాలి.

మరి మాత్రలు ఎందుకూ పనికిరావా? కొంత పనికొస్తాయి. దిగులు తగ్గించే మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి మొదటి వారపు ప్రమాదాన్ని అవి ఆపలేవు. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మెథ్ వాడేవారికి రోజుకు 450 మిల్లీగ్రాముల బ్యుప్రోపియాన్ అనే దిగులు తగ్గించే మాత్ర, మూడు వారాలకోసారి నల్లమందు రకాల ప్రభావాన్ని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్ 380 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఫలితం కనిపించింది 13.6 శాతం మందిలో. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 2.5 శాతం. లాభం నిజమే, కానీ పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ, అంతే. ఫిట్స్ ఉన్నవారికి బ్యుప్రోపియాన్ ఇవ్వకూడదు. ట్రమడాల్ లాంటి నల్లమందు రకం నొప్పి మాత్రలు ఆపి కనీసం వారం, పది రోజులు కాకుండా నాల్ట్రెక్సోన్ ఇస్తే వాంతులు, విలవిలలతో రోగి నరకం చూస్తాడు. ఇంకో చిక్కు, బ్యుప్రోపియాన్ వాడేవారి మూత్రపరీక్ష కిట్ తప్పుగా ఆంఫెటమిన్ చూపించవచ్చు. ల్యాబ్‌లో నిర్ధారించుకోకుండా పిల్లవాణ్ని అబద్ధాలకోరు అనడం అన్యాయం.

అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్నది మందులకు కాదు, ప్రోత్సాహక పద్ధతికి. వారానికి రెండుసార్లు మూత్రపరీక్ష చేసి, మత్తు లేదని తేలిన ప్రతిసారీ వెంటనే చిన్న బహుమతి ఇస్తారు. వరుసగా నెగ్గేకొద్దీ విలువ పెంచుతారు. ఒకసారి తప్పితే మళ్లీ మొదటికి. 12 వారాలు ఇలా సాగాలి. రెండుసార్లే ఎందుకంటే ఈ మత్తుమందుల జాడ మూత్రంలో రెండు నుంచి నాలుగు రోజులే ఉంటుంది. కిరాణా కూపనో, బస్సు పాసో చాలు. బహుమతిని వారం తర్వాత ఇస్తామంటే పద్ధతి దెబ్బతింటుంది. దీన్ని లంచమని ఈసడించేవారు ఆస్పత్రిలో ఒక్క పడక ఖర్చుతో పోల్చి చూడాలి.

తిరుపతి రుయా ఆస్పత్రి, చిత్తూరు జిల్లా ఆస్పత్రి ఈ పద్ధతిని మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం. డిశ్చార్జి చీటీ మీద వారంలోపే వచ్చే తేదీ రాసి, ఆ రోజు రాకపోతే ఇంటికి ఫోన్ చేసే మనిషి ఉండాలి. కేసు పెడతారన్న భయంతో వెనక్కి తగ్గేవారికి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం 64ఎ సెక్షన్ గురించి అక్కడే చెప్పాలి. సొంత వాడకం, చిన్న పరిమాణం కేసుల్లో ఇరుక్కున్నవారు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి ఆ సెక్షన్ రక్షిస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఆ ముక్క, మానసిక సాయానికి 14416, మత్తు విముక్తికి 14446 నంబర్లు ఓపీ చీటీ వెనకే తెలుగులో అచ్చువేయించాలి.