చెక్కు రాసేముందు ప్రశ్నపత్రం చూడండి

సొంతూరి సర్కారు బళ్లలో లెక్కలు చెప్పించడానికి మన సంఘాల్లో చాలామంది విరాళాలిస్తున్నారు. ఏడాది తిరిగేసరికి "మొదట్లో సగటు 35, ఇప్పుడు 60" అని నివేదిక వస్తుంది. చప్పట్లు కొడతాం. ఆ పాతిక మార్కుల్లో మన డబ్బు తెచ్చినవెన్నో అడగం. పిల్లలు ఏడాదంతా బడి పాఠాలూ విన్నారు, ఓ ఏడు పెద్దయ్యారు, తరచూ అదే పేపరు మళ్లీ రాశారు. పైగా తక్కువ మార్కులొచ్చిన వాళ్లనే ఏరి చేర్చుకుంటే, ఏమీ చెప్పకపోయినా రెండోసారి సగటు కొంత పైకొస్తుంది. ఆరోజు ఒంట్లో బాగోక తప్పినవాళ్లు ఈసారి తమ మామూలు మార్కులు తెచ్చుకుంటారు మరి.

అందుకే కార్యక్రమం లేని బళ్లలోనూ రెండు పరీక్షలూ పెట్టించాలి. 20 బళ్లు అడిగి, డబ్బు 10కే సరిపోతే పేర్లు రాసిన చీటీలు తీసి ఎంచుకోండి. మిగతా పదింటికి వచ్చే ఏడు, ఈ ఏడు పోల్చి చూడ్డానికి అవే. సర్పంచి గారి సిఫారసు కన్నా ఇదే న్యాయం. అయితే ఇరవై బళ్లతో పెద్ద తేడా మాత్రమే నమ్మకంగా తేలుతుంది, చిన్నది తేలదు.

ఇక పేపరు. అసలు గొడవంతా ఇక్కడే. ఐదో తరగతి పిల్లలకి ఐదో తరగతి పుస్తకం నుంచే ప్రశ్నలిస్తే చాలామంది సున్నా దగ్గరే ఆగిపోతారు. ఏడాదిలో వాళ్లు తీసివేత నేర్చుకున్నా ఆ పేపరుకి కనపడదు. మరీ తేలికైతే అందరికీ మొదటే 90 వస్తాయి, పెరగడానికి చోటుండదు. 30 ప్రశ్నలైతే పది ఒకటి, రెండు తరగతులవి, పది మూడోదానివి, మిగతావి పైవి పెట్టించండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చి చూసిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లు ఏడాది చివర రెండు విడతల పరీక్షలు పెట్టించారు: ఒకటి కింది తరగతి అంశాల మీద, ఇంకోటి ఆ ఏటి పాఠాల మీద.

నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలొద్దు. గుడ్డిగా టిక్కులు పెట్టినా ముప్పైకి ఏడెనిమిది వస్తాయి. 52−27కి పిల్లవాడు 35 వేశాడనుకోండి, ఒకట్ల స్థానంలో ఏడులోంచి రెండు తీసేశాడన్నమాట. 79 వేస్తే గుర్తే చూడలేదు, కూడేశాడు. 408÷4కి 12 వేస్తే మధ్యలో సున్నా మింగేశాడు. మూడింటికీ మందు వేరు. కాబట్టి కంప్యూటర్లో తప్పు, ఒప్పు అని కాక, పిల్లవాడు రాసిన అంకెనే ఎక్కించమనండి.

రెండో పరీక్షకి పది ప్రశ్నలు పాతవే ఉంచి, మిగతావాటిలో అంకెలు మార్చాలి. మార్చడంలోనూ జాగ్రత్త: 52−27 బదులు 64−38 సరే, 58−27 ఇస్తే అప్పు తెచ్చుకునే పనే ఉండదు, లెక్క తేలికైపోతుంది. కార్యక్రమంలో లేని బడిలో నలభైమంది చేత ముందే రాయించి చూస్తే ఇలాంటివి బయటపడతాయి.

బళ్లు జూన్ మధ్యలో తెరుస్తారు. మొదటి వారం హాజరు పలచన, కాబట్టి నెలాఖరున, మన పాఠాలు మొదలవకముందే తొలి పరీక్ష పెట్టాలి. మలి పరీక్ష మార్చి మొదట్లో, ఒంటిపూట బడులు రాకముందు. రెండుసార్లూ పాఠం చెప్పేవాళ్లు కాక బయటివాళ్లు రావాలి, పేపర్లు లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. లేదంటే ఏడాదంతా ఆ ముప్పై లెక్కలే బోర్డు మీదికి ఎక్కుతాయి. అందులో మాస్టారి తప్పు కన్నా మనదే ఎక్కువ.

మొదట 200 మంది రాసి చివర 150 మందే రాస్తే, ఆ 150 మంది రెండు మార్కులనే పోల్చాలి. మానేసిన 50 మంది తొలి మార్కులు విడిగా చూపించమనండి. బలహీనులే జారిపోయి ఉంటే ఏమీ నేర్పకుండానే సగటు పెరిగినట్టుంటుంది. ఇదంతా ఒప్పందంలోనే రాయించండి: పేర్లు తీసేసి, పిల్లవాడికొక నంబరు చొప్పున, ప్రశ్నప్రశ్నకీ జవాబుల పట్టిక. తొలి పరీక్షది జూలైలోనే చేతికి రావాలి, రెండో విడత డబ్బు ఆ తర్వాతే.