పానా చేతికి లొంగని ఇంజెక్షన్ బైకు

2009లో బజాజ్ కంపెనీ ఒక విచిత్రమైన పని చేసింది. రెండేళ్ల కిందట ఆర్భాటంగా దింపిన పల్సర్ 220 డీటీఎస్-ఎఫ్ఐ నుంచి ఫ్యూయెల్ ఇంజెక్షన్ (కంప్యూటర్ లెక్కకట్టి పెట్రోల్ చిమ్మే పద్ధతి) పీకేసి, మళ్లీ కార్బొరేటర్ (గాలి లాగుడుతోనే పెట్రోల్ కలిపే పాత భాగం) బిగించింది. ధర తగ్గింది. పవర్ తగ్గకపోగా 20 పీఎస్ నుంచి 21కి పెరిగింది. ‘ఫాస్టెస్ట్ ఇండియన్’ అంటూ ప్రకటనలు గుప్పిస్తే కుర్రకారు ఎగబడి కొన్నారు. కొత్త టెక్నాలజీని వదిలించుకున్నాకే ఆ బండికి గిరాకీ వచ్చిందన్నమాట.

అంతకుముందు 2006లో హీరో హోండా 125 సీసీ గ్లామర్‌కు ఇంజెక్షన్ పెట్టి చూసింది. పక్కనే తక్కువ ధరకు కార్బొరేటర్ గ్లామర్ ఉంటే ఎవరు కొంటారు? 2008లో ఇంజెక్షన్‌తో వచ్చిన స్పోర్ట్స్ బైకు యమహా ఆర్15 ఒక్కటీ వేరే కథ. దాన్ని కొన్నవాళ్లు మైలేజ్ లెక్కలు వేసుకుని షోరూముకు వెళ్లినవాళ్లు కాదు.

కాబట్టి మన దేశంలో బైకుకు ఇంజెక్షన్ కొనేవాడు అడిగితే రాలేదు, పొగ తగ్గించాలన్న చట్టం తెస్తే వచ్చింది. అది తప్పని నేను అనను. నా ఫిర్యాదల్లా ఆ చట్టం పని సగంలో ఆపేసిందని. బండిలో సెన్సర్లు ఉండి తీరాలంది. ఆ సెన్సర్లు చెప్పేది ఎవరికి వినపడాలో మాత్రం కంపెనీల ఇష్టానికి వదిలేసింది.

బయటి దేశాల్లోనూ దీని దారి తిన్నగా సాగలేదు. బాష్ కంపెనీ కార్ల కోసం తయారుచేసిన ఎల్-జెట్రానిక్ పద్ధతిని ఆధారం చేసుకుని 1980లో కవాసాకి తన వెయ్యి సీసీ జెడ్1000కు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చింది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒక రేకు తలుపును నెడుతుంది, అది ఎంత తెరుచుకుందో చూసి కంప్యూటర్ పెట్రోల్ లెక్క కడుతుంది. కారు బానెట్ కింద ఆ పెట్టెకు బోలెడు చోటు. బైకులో చోటెక్కడిది? పైగా బైకు ఇంజిన్ గాలిని ఒకే తీరుగా లాగదు, కుదుపులు కుదుపులుగా లాగుతుంది. 1982లో హోండా సీఎక్స్500 టర్బోతో, 1983లో బీఎండబ్ల్యూ కె100తో ఇదే బాట పట్టాయి. కానీ 1984లో కవాసాకి తెచ్చిన జీపీజెడ్900ఆర్, అంటే మొట్టమొదటి నింజా, కార్బొరేటర్లతోనే వచ్చింది. దారి తెరిచిన కంపెనీయే వెనక్కి మళ్లింది. అప్పటికి కార్బొరేటర్ తేలిక, చవక, స్పీడుకూ సరిపోయేది.

ఆ లెక్క తప్పని రేసుల్లో చూపించింది డుకాటి. మాసిమో బోర్డి రూపొందించిన ఇంజిన్‌తో, వెబర్-మారెల్లి ఇంజెక్షన్‌తో వచ్చిన 851 మీద రేమండ్ రోష్ 1990లో వరల్డ్ సూపర్‌బైక్ చాంపియన్ అయ్యాడు. అందులో రేకు తలుపు లేదు. థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది అన్న రెండింటినీ బట్టి ఎంత పెట్రోల్ చిమ్మాలో ముందే పట్టిక రాసి చిప్‌లో పెట్టేశారు. ఇప్పుడు మన బండ్లలో ఉన్నదీ మూలంలో అదే ఆలోచన. రేసుల సంగతి అలా ఉంచితే, మామూలు రోడ్ల మీద కార్బొరేటర్‌ను సాగనంపింది పొగ నిబంధనలే.

ఎందుకో తెలియాలంటే సైలెన్సర్‌లోకి తొంగిచూడాలి. అక్కడుండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూడు విషాలను ఒకేసారి విరగ్గొట్టాలి: కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు. మొదటి రెండింటికీ ఆక్సిజన్ తగిలించాలి, మూడోదాని నుంచి ఆక్సిజన్ లాగెయ్యాలి. ఈ రెండు ఎదురుబొదురు పనులూ ఒకేచోట జరగాలంటే ఒక వంతు పెట్రోల్‌కు దాదాపు 14.7 వంతుల గాలి, తూకం ప్రకారం, ఇంచుమించు తేడా లేకుండా అందాలి. కార్బొరేటర్‌కు అది చేతకాదు. ఎండకీ చలికీ, సముద్రమట్టానికీ కొండకీ దాని లెక్క మారిపోతూనే ఉంటుంది. ఇంజెక్షన్ బండిలో అయితే సైలెన్సర్ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్ పొగను పసిగడుతూ సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ కబురు పంపుతుంటుంది. ఆ కబురును బట్టి ఈసీయూ, అంటే బండిలోని చిన్న కంప్యూటర్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ను మిల్లీసెకన్ల తేడాతో తెరిచి మూస్తుంది.

2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీఎస్6 (భారత్ స్టేజ్ 6 పొగ నిబంధనలు), టూవీలర్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని కిలోమీటరుకు 0.39 గ్రాముల నుంచి 0.06కు దించింది. బజాజ్ కొన్ని చవక బండ్లను ఎలక్ట్రానిక్ కార్బొరేటర్‌తో నెట్టుకొచ్చినా, మిగతా బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. స్ప్లెండర్ మారింది. క్లాసిక్ 350 మారింది. ఊళ్లో ఎరువు బస్తాలు మోసే టీవీఎస్ ఎక్స్‌ఎల్100 కూడా మారింది. ఒకప్పుడు ఇంజెక్షన్ వదిలేసిన పల్సర్ 220 పదకొండేళ్ల తర్వాత మళ్లీ దాన్నే తగిలించుకుంది.

వాయిదాలు అడిగే కంపెనీలకు కోర్టు ఒప్పుకోలేదు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బీఎస్3 బండ్ల అమ్మకాలు ఏప్రిల్ 1 నుంచి బంద్ అనేసరికి కంపెనీల దగ్గర 8 లక్షలకు పైగా బండ్లు మిగిలిపోయాయి, అందులో ముప్పాతిక కంటే ఎక్కువ టూవీలర్లే. డిస్కౌంట్ల కోసం షోరూముల ముందు జనం రెండు రోజులు కిక్కిరిశారు. ఆ దెబ్బ గుర్తుండబట్టే, బీఎస్6 గడువును 2018లో అదే కోర్టు ఖాయం చేశాక కంపెనీలు ముందే సర్దుకున్నాయి.

సర్దుకోలేనిది మెకానిక్ షెడ్డు. కార్బొరేటర్ బండి మిస్సింగ్ కొడితే ఏం చేస్తారో అందరం చూశాం. బౌల్ విప్పి, అడుగున చేరిన నీటిచుక్కనూ నలకనూ గుడ్డతో తుడిచి, జెట్‌ను పెదాలకు ఆనించి ఊది, మళ్లీ బిగించి, ఎయిర్ స్క్రూ పావు తిప్పు అటూ ఇటూ తిప్పుతూ చెవితో ఐడ్లింగ్ పట్టుకుంటారు. అరగంట పని. కావాల్సినవి పానా, స్క్రూడ్రైవర్, చెవి.

ఇంజెక్షన్ బండిలో మీటర్ మీద ఇంజిన్ బొమ్మ లైటు వెలుగుతుంది. చాలా హోండా బండ్లలో దాని మెరుపులు లెక్కపెట్టి లోపం చెప్పొచ్చు. పొడుగు మెరుపు పది, పొట్టిది ఒకటి. ఒక పొడుగు, రెండు పొట్టి అంటే పన్నెండు, ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తేడా. ఇది తెలిసిన మెకానిక్‌కు కూడా అసలు చిక్కు తర్వాతే మొదలవుతుంది. పాడైంది ఇంజెక్టరా, ఎలుక కొరికిన వైరా, వానకు తుప్పెక్కిన కనెక్టరా? కొలిచి చూడాలంటే ఏ పిన్నులో ఎంత వోల్టేజ్ రావాలో తెలియాలి. ఆ పట్టిక కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ షెడ్డులో ఉండదు. అప్పుడు మిగిలేది ఒకటే దారి: ఒక్కో సెన్సర్ మార్చి చూడటం, ఓనరు జేబులోంచి.

ఇంజెక్షన్ వల్ల సుఖం లేదనడం అబద్ధమవుతుంది. లంబసింగి చలిలో తెల్లవారుజామున చోక్ లాగి, కిక్ మీద కిక్ కొట్టే బాధ పోయింది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పోసినా సెన్సర్ గమనించి కొంతవరకు సర్దుకుంటుంది. పాత కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. అలవాట్లే ఇంకా మారలేదు. పెట్రోల్ అయిపోతే బండిని పక్కకు వంచి ఇంకో రెండు కిలోమీటర్లు లాగడం మనకు మామూలే. ఇప్పుడు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. పొడిగా తిప్పితే పంపు కాలిపోవచ్చు. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎన్ని షోరూముల్లో చెబుతున్నారు?

2023 ఏప్రిల్ నుంచి టూవీలర్లకు ఓబీడీ (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్) రెండో దశ వచ్చింది, బండి తన లోపాలను తానే పట్టి గుర్తుపెట్టుకోవాలన్నది దాని సారం. చాలా బండ్లలో సీటు కింద ఎర్రటి ఆరు పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. చవక స్కానర్ తగిలిస్తే పొగకు సంబంధించిన మామూలు కోడ్లు వస్తాయి. ఆపై లోతుకు వెళ్లి ఈసీయూ సెట్ చేయాలన్నా, కొత్త భాగాన్ని బండికి పరిచయం చేయాలన్నా చాలాసార్లు కంపెనీ టూలే దిక్కు. వ్యాపార రహస్యమని, పొగ సెట్టింగులతో ఆడుకుంటారని కంపెనీలు అనొచ్చు. రెండో భయంలో నిజముంది, ఈసీయూలోని పట్టికను మార్చే తాళం వాళ్ల దగ్గరే ఉంచుకోనివ్వండి. వైరింగ్ బొమ్మలో, పిన్నుల వోల్టేజ్ పట్టికలో రహస్యం ఏముంది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘రైట్ టు రిపేర్’ (కొన్న వస్తువును నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు) మీద కమిటీ వేసి, అదే ఏడాది చివర్లో పోర్టల్ కూడా తెరిచింది, వాహనాలూ ఆ జాబితాలో ఉన్నాయి. కానీ కంపెనీ తనకు తోచింది పెట్టే పోర్టల్‌తో షెడ్డుకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ప్రతి కొత్త మోడలూ రోడ్డెక్కే ముందు ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిందే. కోడ్ల అర్థాలు, వైరింగ్ బొమ్మ, సెన్సర్ కొలతలు తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో బయటపెట్టాకే ఆ సర్టిఫికెట్ ఇస్తామని రవాణా శాఖ ఒక నిబంధన చేర్చాలి.