జావోకు పడింది శిక్షా, వచ్చింది రిటైర్మెంటా?

2020 డిసెంబర్‌లో భారత సరిహద్దును చూసుకునే చైనా సైనిక విభాగం పశ్చిమ థియేటర్ కమాండ్‌కు కొత్త కమాండర్ వచ్చాడు. పాత కమాండర్ జావో జోంగ్‌చీని లద్దాఖ్‌లోని గల్వాన్‌లో మన సైన్యంతో జరిగిన ఘర్షణ దెబ్బకే ఇంటికి పంపారన్న మాట మన దగ్గర గట్టిగానే వినిపించింది. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబును పోగొట్టుకుని అప్పటికి ఆర్నెల్లే. ఆ మాట మనకు నచ్చడంలో వింతేం లేదు. కానీ జావో పుట్టింది 1955లో. ఆ హోదా జనరల్‌కి అక్కడ రిటైర్మెంట్ వయసు 65. లెక్క అంతే.

నిజానికి ఆయన దిగిపోవడం కన్నా ఆ కుర్చీ ఎక్కడమే మనం పట్టించుకోవాల్సిన సంగతి. 1979 వియత్నాం యుద్ధంలో పోరాడిన మనిషి. ఆ తర్వాత ఏళ్ల తరబడి టిబెట్‌లో పనిచేశాడు. ఊపిరాడని ఎత్తులో సైన్యాన్ని నడపడం అంటే ఏంటో ఫైళ్లు చూసి నేర్చుకున్నవాడు కాదు. 2012లో జినాన్ సైనిక ప్రాంతానికి అధిపతి, 2015లో పూర్తి స్థాయి జనరల్. 2016 ఫిబ్రవరిలో షీ జిన్‌పింగ్ పాత ఏడు సైనిక ప్రాంతాలను రద్దు చేసి ఐదు థియేటర్ కమాండ్‌లు పెట్టినప్పుడు, భారత సరిహద్దు మొత్తాన్నీ చూసుకునే పశ్చిమ కమాండ్‌ను ఈయన చేతిలో పెట్టారు. అంతకుముందు ఈ సరిహద్దు చెంగ్డూ, లాన్‌జౌ ప్రాంతాల మధ్య పంచుకుని ఉండేది. ఏడాదిన్నర తిరక్కుండానే భూటాన్ అంచున డోక్లాంలో మన సైన్యంతో ఎదురెదురుగా 73 రోజుల టెన్షన్. మూడేళ్లకు గల్వాన్. మనవాళ్లు 20 మంది అమరులయ్యారు. చైనా మాత్రం తమవాళ్లు నలుగురు చనిపోయారని 2021 ఫిబ్రవరిలో గానీ చెప్పలేదు. ఆ నెలలోనే జావోకు చైనా పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీలో ఉపాధ్యక్ష పదవి ఇచ్చారు. కోపం వచ్చినవాళ్లు ఇచ్చే కానుకలా ఉందా ఇది?

చైనాలో జనరల్‌కి శిక్ష పడితే ఎలా ఉంటుందో తెలియాలంటే హె వెయ్‌దోంగ్‌ని చూడాలి. డోక్లాం రోజుల్లో జావో కిందే పశ్చిమ కమాండ్ భూతల సేనలకు అధిపతి. 2022లో చైనా సైన్యాన్ని నడిపే కేంద్ర సైనిక కమిషన్ ఉపాధ్యక్షుడి దాకా ఎదిగాడు. 2025 అక్టోబర్‌లో పార్టీ నుంచే గెంటేశారు. గురువుగారు మర్యాదగా రిటైరయ్యారు, శిష్యుడు మునిగాడు (గురుశిష్యులన్నది నా మాట, వాళ్లది కాదు).

జావో వెళ్లాక 2021 సెప్టెంబర్‌కల్లా ఆ కుర్చీలో మరో ముగ్గురు కూర్చున్నారు. ఎవరు కూర్చున్నా లద్దాఖ్‌లో సైన్యం కదలిక మాత్రం బీజింగ్ చెప్పినట్టే సాగింది, జనరల్ పేరును బట్టి కాదు. దెప్సాంగ్, దెమ్‌చోక్‌ల దగ్గర వెనక్కి తగ్గే ఒప్పందం కుదిరేసరికి 2024 అక్టోబర్ వచ్చింది. అప్పటికి జావో కుర్చీ దిగి నాలుగేళ్లు కావస్తోంది.