నాలుగే చోట్లున్న ఆట

మొన్న ఆదివారం మావాడు నా వెనక నిలబడి పది నిమిషాలు చూసి, "నాన్నా, ఇందులో ఉన్నవే నాలుగు చోట్లు. అడవి, గుహ, గని, శిథిలాలు. పాతికేళ్ళుగా వీటిల్లోనే తిరుగుతున్నావా?" అన్నాడు. అవున్రా, వీటిల్లోనే తిరుగుతున్నా. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. వాడు అటు వెళ్ళాక మాత్రం బోలెడు జవాబులు తట్టాయి. అవన్నీ ఇక్కడ కక్కేస్తున్నా, ఓపికున్నవాళ్ళు చదవండి.

ఆట పేరు ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్. జపాన్ గేమ్ కంపెనీ సెగా వాళ్ళ సోనిక్ టీమ్ చేసింది. 2000 డిసెంబరులో జపాన్‌లో, మరుసటి నెల అమెరికాలో సెగా వాళ్ళ గేమ్ డబ్బా డ్రీమ్‌కాస్ట్ మీద వచ్చింది. టీవీకి తగిలించే గేమ్ డబ్బాలోనే మోడెమ్ పెట్టి అమ్మడం అప్పట్లో పెద్ద వింత. భవిష్యత్తంతా ఆన్‌లైన్‌దే అని సెగా ఛైర్మన్ ఇసావో ఒకావా గట్టిగా నమ్మారు, పట్టుబట్టి ఇలాంటి ఆట చేయించారు. తీరా అమెరికాలో ఆట విడుదలైన వారంలోనే డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తున్నామని సెగా ప్రకటించింది. మార్చిలో ఒకావా పోయారు. గృహప్రవేశం రోజునే ఇంటికి అమ్మకం బోర్డు పెట్టినట్టయింది.

నాకు మాత్రం అదే కలిసొచ్చింది. ఫిబ్రవరిలో డబ్బా ధర 99 డాలర్లకు దించేశారు. అప్పుడు నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో గెస్ట్‌హౌస్‌లో ఉన్నా, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా. 2001 సంగతి అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వైటూకే హడావుడి అయిపోయింది, డాట్‌కామ్‌లు వరసపెట్టి మునుగుతున్నాయి. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఏడుగురం. ఏడుగురికీ కలిపి ఒక్క ల్యాండ్‌లైన్. జీతం లేనివాడు 99 డాలర్లు పోసి ఆట కొన్నాడని గుంటూరు అన్న ఒకాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు నేనూ ఆ ముక్క చెప్పలేదు.

జపాన్‌లో అప్పట్లో టెలిహోదాయ్ అని ఒక పథకం ఉండేది. రాత్రి 11 నుంచి పొద్దున 8 దాకా ఎంతసేపు నెట్‌లో ఉన్నా ఒకటే బిల్లు. కాబట్టి జపాన్ వాళ్ళు రాత్రి 11 కొట్టగానే బిలబిలమంటూ దిగేవాళ్ళు. అప్పుడు మాకు పొద్దున 9. ఆటలో టైము చూపించడానికి మామూలు గంటలు కాదు, బీట్స్ ఉండేవి. రోజు మొత్తాన్ని 1000 ముక్కలు చేసి, ప్రపంచమంతటికీ ఒకటే టైమన్నమాట. "625కి కలుద్దాం" అంటే చాలు, టోక్యోలో రాత్రా, ఎడిసన్‌లో పగలా అని ఎవడూ లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఎంత చక్కటి ఆలోచన! ఇప్పటికీ అమెరికాలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేయాలంటే వేళ్ళు మడిచి లెక్కేసుకునే నాకు దాని విలువ తెలుసు.

చిక్కల్లా ఏంటంటే, పొద్దున 9 గంటలంటే ఇంటర్వ్యూ కాల్స్ వచ్చే టైము కూడా. నేను ఆట మొదలుపెడితే లైన్ ఎంగేజ్. ఒకరోజు గుంటూరు అన్నకి రావాల్సిన కాల్ రెండు గంటల పాటు రాలేకపోయింది. ఆ ప్రాజెక్టు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆయన వండిన పప్పుచారు తింటుంటే గొంతు దిగలేదు. తర్వాత తొమ్మిది నుంచి పన్నెండు దాకా వైరు పీకి పక్కన పెట్టేసేవాణ్ణి. శనివారం రాత్రి పదకొండు దాటాకే ఆడేవాణ్ణి, అప్పుడు వాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం. అలా ఆడినా జనం దొరికేవాళ్ళు.

సరే, ఆట దగ్గరికి వద్దాం. నలుగురు ఒక జట్టు. రాగోల్ అనే గ్రహం మీదికి దిగి, అడవిలో గది తర్వాత గది తలుపులు తెరుస్తూ పోవాలి. దెబ్బలు కొట్టడానికి బటన్ టపటపా నొక్కేస్తే కుదరదు. మూడు దెబ్బల వరస, మధ్యలో చిన్న విరామం, సరిగ్గా తాళం పడ్డట్టు నొక్కాలి. తొందరపడ్డావో, వరస తెగుతుంది. రాక్షసులు రాగానే సంగీతం ఊపందుకుంటుంది, ఆఖరివాడు పడగానే మళ్ళీ నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదించే క్షణంలో నలుగురం ఒకచోట చేరి మాట్లాడుకునేవాళ్ళం. మాటలకి వర్డ్ సెలెక్ట్ అని ఒకటి ఉండేది. వరసలో ఉన్న వాక్యాల్లోంచి ఏరుకుంటే అవతలివాడికి వాడి భాషలో కనిపించేది. ఇంగ్లీషు, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్. తెలుగు లేదు, అంత ఆశ నాకూ లేదు.

మొదటి వెర్షన్‌లో ఒక క్రూరమైన రూలుండేది. చచ్చిపోతే చేతిలో ఉన్న ఆయుధం నేలమీద పడిపోతుంది. ఎవడైనా తీసుకోవచ్చు. గుహలో ఈవిల్ షార్కులనే రాక్షసుల గుంపు మధ్య ఇరుక్కుని ఒకసారి పడిపోయాను. నెల రోజులు కష్టపడి సంపాదించిన కత్తి అక్కడే, నా శవం పక్కనే. అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడని జపాన్ ఆటగాడొకడు వచ్చి దాన్ని తీసేసుకున్నాడు. అయిపోయింది, పోయిందిరా బాబూ అనుకున్నా. వాడు మూన్ అటమైజర్ వాడి నన్ను లేపాడు. లేవగానే నా కాళ్ళ దగ్గర కత్తి పడేసి, పెద్ద కళ్ళేసుకుని నవ్వుతున్న బొమ్మ ఒకటి గాల్లో పెట్టాడు. ఆ బొమ్మలు కూడా ఎవడికి వాడే గీతలు, చుక్కలు పేర్చి చేసుకునేవి. ఇద్దరం గిల్డ్ కార్డులు మార్చుకున్నాం. పెళ్ళిలో కలిసినవాళ్ళు విజిటింగ్ కార్డులు ఇచ్చుకున్నట్టు.

అందరూ అంత మంచివాళ్ళేం కాదు. అరుదైన వస్తువు పడితే ఎర్ర పెట్టె వచ్చేది, అది నలుగురికీ కనిపించేది. ముందు తాకినవాడిది. ఎర్ర రంగు కనపడగానే బస్సు ఆగిన చోట సీటుకి రుమాలు వేసినట్టు పరిగెత్తేవాళ్ళున్నారు. ఛీట్ డిస్కులతో ఆయుధాలు నకళ్ళు తీసి పంచినవాళ్ళున్నారు. ఆటలో జొరబడి ఇతరుల్ని చంపి దోచుకున్నవాళ్ళూ ఉన్నారు. దాంతో చాలామంది విసిగి మానేశారు, నేను ఒప్పుకుంటాను. కానీ పెట్టె అందరికీ కనిపించింది కాబట్టే, "నువ్వు తీసుకో" అని ఒకడు పక్కకి తప్పుకుంటే అది నాకు గుర్తుండిపోయింది. 2012లో వచ్చిన రెండో ఆటలో ఎవరి పెట్టె వాళ్ళకే కనిపిస్తుంది. గొడవ లేదు, బాగానే ఉంది. ఎవడికీ ఎవడితోనూ పని లేదు కూడా.

ఇంకో తమాషా ఉంది, మనవాళ్ళకి బాగా నచ్చుతుంది. మనం పెట్టుకున్న పేరులోని అక్షరాలకి కంప్యూటర్లో ఉండే అంకెలన్నీ కూడి, చివరి అంకెని బట్టి పది గుర్తుల్లో ఒకటి ఇస్తుంది. దాన్ని సెక్షన్ ఐడీ అంటారు. నేను ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో బుజ్జి అని కొట్టాను, స్కైలీ వచ్చింది. జట్టు కట్టడానికి ఎవడో ఒకడు ముందు ఆట గది తెరవాలి. ఏ ఐడీ వాడు ఆ గది తెరిస్తే ఆ ఐడీకి రాసిపెట్టిన వస్తువులే పడతాయి. అంటే నాకు కావాల్సింది నా జాతకంలో లేకపోతే, అది ఉన్నవాణ్ణి వెతుక్కుని, "నువ్వు గది తెరువు బాబూ" అని బతిమాలాలి. పేరులో ఒక అక్షరం ఎక్కువ రాసుకుంటే అదృష్టం మారుతుందనే న్యూమరాలజీ నిజంగా పనిచేసింది నా జీవితంలో ఈ ఒక్కచోటే.

ఇప్పటి ఆటల మీద నా కోపం ఇక్కడే. మావాడు ఆడే ఆటలో రోజూ హాజరు వేయించుకోవాలి. వారానికి ఇన్ని పనులు, సీజన్‌కి ఒక పాస్, మానేస్తే నష్టం. వాడు ఆడుతుంటే నాకు టైమ్‌షీట్ నింపుతున్నట్టే ఉంటుంది. వంద చోట్లున్నాయి, మ్యాపులున్నాయి, బాణం గుర్తులున్నాయి. పక్కవాడితో మాట్లాడే అవసరం మాత్రం ఎక్కడా రాదు. నాలుగే చోట్లున్న ఆటలో చోట్ల గురించి మాట్లాడుకునేదేమీ ఉండదు, అందుకని మనుషుల గురించి మాట్లాడుకున్నాం. ఎవరికి రేపు పరీక్ష, ఎవరి ఊళ్ళో మంచు పడుతోంది, ఇలాంటివి. "ఇండియా నుంచా? కూర బాగుంటుంది" అని విరిగిన ఇంగ్లీషులో ఒకడు టైపు చేసింది నాకింకా గుర్తే. జ్ఞాపకాల తీపి వల్ల అలా అనిపిస్తోందని అంటారేమో. అదే నిజమైతే ఆ రోజుల్లో నేను ఆడిన మిగతా ఆటలు కూడా తియ్యగానే ఉండాలి కదా? అవేవీ అరగంటకి మించి ఆడలేకపోతున్నా.

సెగా సర్వర్లు మూతబడి చాలా ఏళ్ళయింది. అభిమానులు సొంతంగా సర్వర్లు రాసి నడుపుతున్నారు. నా డబ్బా 110 వోల్టులది, అమెరికా నుంచి తెచ్చింది. హైదరాబాద్‌లో దానికి ఇటుకంత స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలించాలి. స్విచ్ వేయగానే బ్యాటరీ చచ్చిన మెమరీ కార్డు "పీఁ" అని అరుస్తుంది. పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు, దానికో యూఎస్‌బీ మోడెమ్. ఆ బోర్డు టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లా నటిస్తూ డయల్ టోన్ వినిపిస్తుంది. పాపం డ్రీమ్‌కాస్ట్ ఇంకా 2001లోనే ఉన్నాననుకుని నంబరు తిప్పుతుంది.

నిన్న రాత్రి మావాడు కంట్రోలర్ అడిగాడు. అడవిలో రెండో గదిలో రాగ్ రాపీ ఎదురైంది. పసుపు రంగు కోడిపిల్లలా ఉంటుంది. మూడు దెబ్బలు కొట్టగానే వెల్లకిలా పడింది. వీడు గెలిచానని అటు తిరిగేసరికి, అది లేచి టపటపా పారిపోయింది. "నాన్నా, ఇది చచ్చినట్టు యాక్టింగ్ చేసింది!" అని అరిచాడు. మూడో గదిలో వీడే చచ్చాడు.

ఇప్పుడు హాల్లో కూర్చుని, హోంవర్కు నోట్సు వెనక పేజీలో తన పేరు అక్షరాలకి అంకెలు వేసి కూడుతున్నాడు. వైట్‌టిల్ అనే గుర్తు రావాలట. చివర ఇంకో 'ఎ' తగిలిస్తే ఎంతవుతుందో చూస్తున్నాడు.