కరివేపాకు కొరికే పురుగుకూ పెరట్లో వాటా

మన పట్టణాల్లో 200 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నాక చుట్టూ మిగిలే నాలుగడుగుల ఖాళీని ఎక్కువమంది రెండు రకాలుగా నింపుతున్నారు. ఒకటి, అంగుళం వదలకుండా టైల్స్ పరిచేయడం. రెండోది, నర్సరీ నుంచి తెచ్చిన పచ్చికనూ, క్రోటన్లనూ, గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించిన కోనోకార్పస్ అనే విదేశీ చెట్టునూ వరుసగా నాటడం. ఈ రెండో పద్ధతి కంటికి పచ్చగానే కనిపిస్తుంది గానీ, మన సీతాకోకచిలుకల్లో చాలావాటికి గుడ్డు పెట్టుకునే ఆకు అందులో దొరకదు. పెరటిని రూపొందించేటప్పుడు పువ్వు కన్నా ముందు ఆకును గురించి ఆలోచించాలని నేను అనేది అందుకే. తేనె ఎన్నో రకాల పువ్వుల్లో తాగే సీతాకోకచిలుక, గుడ్లు మాత్రం తన పిల్లలు తినగలిగే కొద్దిపాటి మొక్కల మీదే పెడుతుంది.

మా కరివేప చెట్టునే తీసుకుంటాను. వానాకాలంలో దాని లేత ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగులు ఉంటాయి. అవి కామన్ మోర్మన్ అనే నల్లని సీతాకోకచిలుక పిల్లలు. నాలుగైదు రోజులు పోయాక చూస్తే అవే నిగనిగలాడే ఆకుపచ్చ గొంగళిపురుగులై ఉంటాయి. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి నాలుక చీలికలాంటిది బయటికి వచ్చి ఘాటైన వాసన కొడుతుంది. రెండు మూడు రెమ్మలు ఖాళీ అవుతాయి, అంతే; పప్పు తాలింపుకు ఆకు ఏనాడూ తక్కువ కాలేదు. పురుగుమందు కొట్టిన ఇంటి చుట్టూ మాత్రం పిట్టలకూ కరువే, ఎందుకంటే గింజలు తిని బతికే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులనే మేపుతుంది.

ఈ మోర్మన్ ఆడవాటిలో కొన్ని, క్రిమ్సన్ రోజ్ అనే విషపు సీతాకోకచిలుక వేషం వేసుకుని పక్షుల నుంచి తప్పించుకుంటాయి. ఆ క్రిమ్సన్ రోజ్‌కు విషం వచ్చేది నల్లరేగడి చేలలో కలుపుగా పెరిగే గాడిదగడప వంటి మొక్కల ఆకు నుంచి. ఆ కలుపు పూర్తిగా పోతే విషపు సీతాకోకచిలుకా పోతుంది, దాన్ని తిన్న పక్షులు ఆ రంగులకు దూరంగా ఉండాలని నేర్చుకునే పాఠమూ పోతుంది, ఇక మన పెరటి మోర్మన్ వేసుకున్న వేషానికి విలువ ఉండదు.

దేశవాళీ మొక్కలే నాటాలన్న మాటను మడి కట్టుకుని పాటించాలని నేను అనడం లేదు. సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చిందే, అయినా నరమామిడి ఆకు తినే టెయిల్డ్ జే అనే సీతాకోకచిలుక ఆ చెట్టుకు బంధువైన సీతాఫలాన్నీ తన పిల్లలకు ఒప్పుకుంది. జామను, బంతిని పెరికేయమని ఎవరూ అడగరు. కొత్తగా నాటే మొక్కను మాత్రం దీని ఆకు ఎవరికి మేత అవుతుందని అడిగి ఎంచుకోవాలి.

అలా పెంచితే పెరడు చిట్టడవిలా తయారవుతుందని, పాములొస్తాయని ఇరుగుపొరుగు అభ్యంతరం చెబుతారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. దానికి జవాబు తోట రూపంలోనే ఉంది. చెదిరినట్టుండే ప్రకృతికి శ్రద్ధ కనిపించే అంచు కట్టాలని అమెరికా ల్యాండ్‌స్కేప్ పండితురాలు జోన్ నాసాయర్ 1995లో వాదించారు. మన పెరళ్లకు ఆ అంచు కొత్తేమీ కాదు: ఊడ్చి ముగ్గేసిన వాకిలి, తులసికోట, ఇటుక గట్టు కట్టిన పాదు, సూటిగా సాగే కాలిబాట. వీటి నడుమ జిల్లేడు ఉన్నా అది నిర్లక్ష్యంగా కనిపించదు. పడమట నిమ్మ, దానిమ్మ పెడితే గోడకు మధ్యాహ్నపు ఎండ తగ్గుతుంది. ఒక మూల రెండడుగుల నేలను ఖాళీగా వదలాలి, ఒంటరిగా బతికే తేనెటీగల్లో ఎక్కువ రకాలు మట్టిలోనే బొరియ చేసుకుంటాయి. పక్షులకు పెట్టే నీళ్ల మూకుడును రెండు రోజులకోసారి తోమి నింపాలి, లేకపోతే డెంగీ దోమ అందులోనే పెరుగుతుంది.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మకు దాని పూల కోసం ఊరి బయటికి వెతుక్కుంటూ వెళతాం గానీ ఇంట్లో నాటం. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లని ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే పొద అది, నీళ్లు పెద్దగా అడగదు, కత్తిరిస్తే కంచెలా నిలుస్తుంది. నర్సరీలో దొరక్కపోతే ఎండిన కాయలు కోసుకొచ్చి, గింజల పైతొక్క గట్టిది కనుక కాస్త గీరి, రాత్రంతా నానబెట్టి, తొలకరికి ప్రహరీ వెంట విత్తుకోవచ్చు.