మహారాజశ్రీ సమాన వాటా గారికి

మహారాజశ్రీ సమాన వాటా గారి దివ్యసముఖానికి, సహోద్యోగులతో కలిసి హోటల్లో భోంచేసి బయటపడిన ఒక సాధారణ ఉద్యోగి నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

అయ్యా, తమరు పిలవని పేరంటానికి వచ్చే పెద్దమనిషి. మెనూ చేతిలో ఉన్నంతసేపూ తమరి ప్రస్తావన ఎవరూ తేరు. భోజనం ముగిసి, బిల్లు బల్ల మీదకు వచ్చి, అందరి చూపులూ ఒక్కసారిగా ఫోన్ల మీదకు వాలిన తరుణంలో ఎవరో ఒకరు కాలిక్యులేటర్ తెరిచి, మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించి, "తలా ఇంత" అని ప్రకటిస్తారు. అదే తమరి పట్టాభిషేకం. ఆ ప్రకటన చేసే గొంతు ఎవరిదో నేను కొంతకాలంగా శ్రద్ధగా గమనిస్తున్నాను. సమానత్వం మీద అంత గాఢమైన నమ్మకం ఉన్న ఆ వ్యక్తి ముందు, చాలాసార్లు, బల్ల మీది ఖాళీ పళ్ళేల్లో అధికభాగం ఉండడం కేవలం యాదృచ్ఛికమనే అనుకుందాం.

తమరి వల్ల స్నేహాలు నిలుస్తాయనీ, లెక్కలు చూసుకోవడం అల్పుల లక్షణమనీ తమరి అభిమానులు అంటారు. అయితే తమరి సన్నిధిలో మనుషులు లెక్కలు మానుకోరు, మరింత పదునుగా వేసుకుంటారు. బల్ల దగ్గర ఆరుగురు కూర్చుని, బిల్లును ఆరు సమాన భాగాలు చేస్తారని ముందే తెలిస్తే, నేను అదనంగా తెప్పించుకునే ప్రతి వంటకంలో నా ఖర్చు ఆరో వంతే, తక్కిన అయిదు వంతులు ఎదుటివారివి. ఈ సంగతి నాకు తెలిసినట్టే మిగిలిన అయిదుగురికీ తెలుసు కనుక, ఎదుటివారి విలాసానికి చెల్లించేకంటే మన విలాసానికి వారి చేత చెల్లింపజేయడమే నయమని ఆరుగురూ ఒకేసారి అనుకుంటారు. చివరికి ఎవరికీ అంతగా అక్కర్లేని వంటకాలతో బల్ల నిండి, ఏ ఒక్కరూ ఒంటరిగా వస్తే పెట్టని ఖర్చు ఆరుగురూ పెడతారు. తిలాపాపం తలాపిడికెడు అంటే ఇదే కాబోలు.

ఇది నా ఒక్కడి అక్కసు అనుకోకండి. నటాలీ గ్లాన్స్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అనే పరిశోధకులు 1994లో సామాజిక సందిగ్ధాల గురించి, అంటే ఎవరి లాభం వారు చూసుకుంటే చివరికి అందరూ నష్టపోయే పరిస్థితుల గురించి, రాసిన వ్యాసాన్ని తమరు కొలువుదీరే ఈ బల్లతోనే మొదలుపెట్టారు. ఆ తర్వాత ఉరి నీజీ, ఎర్నాన్ హరువీ, హడాస్ యాఫే అనే ముగ్గురు ఈ విషయాన్ని నిజమైన రెస్టారెంట్‌లోనే పరీక్షించి 2004లో ప్రచురించారు. ఎవరి బిల్లు వారు కట్టుకోవాలన్నప్పటి కంటే తమరు రాజ్యమేలినప్పుడు అతిథులు మూడో వంతుకు పైగా ఎక్కువ ఖర్చుకు ఆర్డర్ ఇచ్చారు. భోజనమంతా ఉచితమన్నప్పుడు రెట్టింపు దాటారు (అక్కడ తమరి ప్రమేయం లేదు లెండి). అన్నిటికంటే తమరు మనసు దిటవు చేసుకుని వినవలసింది మరొకటి ఉంది. ఏ పద్ధతి కావాలని ముందుగా అడిగితే నూటికి ఎనభై మంది ఎవరిది వారు చెల్లించుకోవడమే కోరుకున్నారు. అంటే తమరి ప్రజల్లో అత్యధికులకు తమరి పాలన ఇష్టం లేదు. అయినా తమరి సింహాసనం చెక్కుచెదరకపోవడానికి కారణం సైన్యం కాదు, మొహమాటం.

ఆ మొహమాటం ఆఫీసువారి మధ్య ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా మనవి చేసుకోనివ్వండి. చిన్ననాటి మిత్రుల మధ్య అయితే "ఒరేయ్, నువ్వు తిన్నది నువ్వు కట్టుకో" అనవచ్చు, నవ్వవచ్చు, మరుసటి వారం మళ్ళీ కలవవచ్చు. సహోద్యోగుల దగ్గర ఆ చనువు చెల్లదు. ఎదుట కూర్చున్నవారిలో ఒకరు రేపు మన సెలవు దరఖాస్తు మీద సంతకం పెట్టవలసినవారు, మరొకరు సంవత్సరాంతంలో మన పనితీరు గురించి నాలుగు మాటలు రాయవలసినవారు, ఇంకొకరు నిన్న చేరిన కొత్తవారు. వీరందరి జీతాలూ ఒకటి కావు, కానీ వాటా మాత్రం ఒకటే. ఇన్ని అసమానతల నడుమ తమరు ఒక్క బిల్లు విషయంలోనే సమానత్వాన్ని పట్టుకు వేలాడడం చూస్తే, పై అధికారి జీతాన్ని కూడా ఇలాగే భాగిస్తే బాగుండునన్న దురాశ కలుగుతుంది.

ఎవరైనా ధైర్యం చేసి "నేను పెద్దగా ఏమీ తీసుకోలేదండీ" అన్నారనుకోండి. మొదట ఒక నిశ్శబ్దం వస్తుంది. తర్వాత ఒక ఉదారుడు లేచి, "పోనీలే, నీది కూడా నేను వేస్తాను" అంటాడు. అయ్యా, తమరి ఆయుధాగారంలో ఇంతకంటే క్రూరమైన ఆయుధం లేదు. తాను తిన్నదానికి తాను చెల్లిస్తానన్న మనిషిని ఒక్క వాక్యంతో దానం పుచ్చుకునేవాడిగా మార్చేస్తుంది. న్యాయం అడిగినవాడు దానం తీసుకోలేడు గనుక, ఆ దౌర్భాగ్యుడు "అబ్బే, అక్కర్లేదండీ" అంటూ పూర్తి వాటా చెల్లించి, పైగా క్షమాపణ కూడా చెప్పుకుంటాడు. మర్నాటి నుంచి అతనికి లెక్కల మనిషి అన్న బిరుదు స్థిరపడుతుంది. లెక్క మొదలుపెట్టినది కాలిక్యులేటర్ తెరిచిన పెద్దమనిషి అన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇక మొత్తం బిల్లును తన కార్డు మీద కట్టిన మనిషి కష్టం వేరు. వారం పాటు ఒక్కొక్కరికీ సందేశాలు పంపుతూ, తన సొమ్మును తానే ప్రాధేయపడి వసూలు చేసుకోవాలి. స్ప్లిట్‌వైజ్ వంటి యాప్‌లు ఎవరిది ఎంతో విడివిడిగా నమోదు చేసుకునే సదుపాయం ఇస్తున్నాయి, కానీ కొత్త ఖర్చు నమోదు చేయబోతే ముందుగా కనిపించేది తమరి ముఖారవిందమే.

తమరి ప్రత్యర్థి అయిన "ఎవరిది వారికే" గారిలోనూ లోపాలున్నాయని ఒప్పుకుంటాను. ఎవరికి వారు తమ వంటకాల వెలలు కూడి డబ్బు వేస్తే మొత్తం ఎప్పుడూ బిల్లుకు తక్కువే పడుతుంది. వంటకం వెల అందరికీ గుర్తుంటుంది, పన్ను, టిప్పు ఎవరికీ గుర్తుండవు. అందుకు మందు కష్టమైనది కాదు. చెల్లించవలసిన మొత్తాన్ని వంటకాల మొత్తం వెలతో భాగించి, వచ్చిన సంఖ్యతో ఎవరి వంటకాల వెలను వారు గుణించుకుంటే పన్నూ టిప్పూ తిన్నదాన్ని బట్టి పంచబడతాయి. అందరూ తిన్న పళ్ళేల సంగతి కాస్త చిక్కే, కానీ దానికీ దారి చూపినవారున్నారు. 1973లో లిటిల్‌చైల్డ్, ఓవెన్ అనే ఇద్దరు విమానాశ్రయం రన్‌వే ఖర్చును ఎలా పంచాలో లెక్క కట్టారు. చిన్న విమానానికి కావలసినంత పొడవు వరకు అయ్యే ఖర్చును అన్ని విమానాలూ పంచుకోవాలి. ఆపైన పొడిగించిన భాగం ఖర్చు, అది అవసరమైన పెద్ద విమానాలదే. ఉమ్మడి ఫలితాన్ని న్యాయంగా పంచడానికి గణితవేత్త లాయిడ్ షాప్లీ 1953లో ప్రతిపాదించిన సూత్రమే దీనికి ఆధారం. బల్ల దగ్గర కూడా అంతే: ఉమ్మడి పళ్ళెం దాన్ని పంచుకున్నవారిది, పానీయాలు తాగినవారివి. మంచినీళ్ళు తాగినవాడు పెద్ద విమానాల కోసం రన్‌వే పొడిగించనక్కర్లేదు.

తమరికి అసలు చోటే లేదనడం లేదు. అందరూ ఇంచుమించు ఒకే వెలవి తెప్పించుకున్న రోజున తమరే శ్రేష్ఠులు. పైసా తేడా కోసం అరగంట కూర్చుని లెక్కపెట్టేవారికంటే తమరు వెయ్యి రెట్లు నయం.

కనుక తమరికి నా విన్నపం ఒక్కటే: వచ్చే వేళ మార్చుకోండి. బిల్లుతో పాటు కాకుండా మెనూతో పాటు రండి, ఆర్డర్ ఇవ్వకముందే తమరిని అందరికీ పరిచయం చేస్తాం. విందుకు పిలిచిన అధికారి చెల్లింపు తనదో కాదో పిలిచినప్పుడే చెప్పాలి. తమరు వద్దనే మాట అందరికంటే తక్కువ తిన్నవాడి నోట రావలసిన అగత్యం కూడా ఉండకూడదు. అత్యధికంగా తిన్నవారే ముందు నోరు విప్పి "నాది ఎక్కువైంది, నేను ఎక్కువ వేస్తాను" అంటే సరిపోతుంది. ఈ ఒక్క వాక్యంతో తగాదా చల్లబడడం నేను కళ్ళారా చూశాను. అది తరచుగా వినపడకపోవడమే విచారం.

వచ్చే వారం మా విభాగంలో ఒకరి వీడ్కోలు భోజనం ఉంది. కూర్చోగానే విడివిడి బిల్లులు కావాలని వడ్డించేవారికి చెప్పాలనీ, వీడ్కోలు తీసుకునేవారి భోజనాన్ని మాత్రం మిగిలినవారు సమానంగా పంచుకోవాలనీ తీర్మానించాం. ఆ ఒక్క భోజనం మేరకు తమరికి ఆహ్వానం ఉంది. అంతకు మించి తమరి తరఫున ఎవరైనా వాదించదలిస్తే, మెనూ మూసే లోపే వాదించాలి.

ఇట్లు,
తమరి విధేయుడు కాని
ఒక సహోద్యోగి