సవరణ: గోరా గారి అమ్మాయి పెళ్లి, గాంధీ

నాస్తికులూ ఆస్తికులూ కలిసి పనిచేయడం గురించి మొన్న రాసిన పోస్టులో, నాస్తిక ఉద్యమ నాయకుడు గోరా (గోపరాజు రామచంద్రరావు) గారి పెద్దమ్మాయికి దళిత యువకుడితో పెళ్లిని గాంధీయే దగ్గరుండి జరిపించారని రాశాను. అది తప్పు. తన ఆశ్రమం ఉన్న సేవాగ్రాంలో తానే జరిపిస్తానని గాంధీ మాట ఇచ్చింది నిజం. దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద చేయడానికి కూడా ఒప్పుకున్నారు. కానీ 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. పెళ్లి ఆ మార్చిలో, అదే సేవాగ్రాంలో అయింది. గోరా గారు స్వయంగా రాసుకున్న జ్ఞాపకాల్లో ఈ సంగతి ఉంది. ఎవరో చెప్పింది విని, సరిచూడకుండా రాశాను, పొరపాటు నాదే. నాస్తికుడైనందుకు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషికి, రోజూ ప్రార్థన చేసే గాంధీ ఆ మాట ఇవ్వడం నాకు ఇప్పటికీ చాలా పెద్ద విషయం. పోస్టులో ఆ వాక్యం మార్చాను.